పీకినోళ్ళకే కట్టె

ఫిబ్రవరి 3, సోమవారం

మా ఊరి లోడు మళ్ళీ తక్కువ. చేలో నేను ఫోన్‌లో ఎక్కించినప్పుడు నాలుగు టన్నులు. డిపోలో కాటా మీద మూడు టన్నుల నాలుగు వందల కిలోలు. ఆరు వందల కిలోల పత్తికట్టె దారిలో గాలికి పోయిందా? ముద్దనూరు పక్కన మా పల్లె చేల నుంచి జమ్మలమడుగు రోడ్డు మీది డిపోకు ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. కట్టె ఎండితే బరువు తగ్గుతుంది, ఆ సంగతి నాకెవరూ చెప్పనక్కర్లేదు, వ్యవసాయం డిప్లొమా ఊరికే చదవలేదు. కానీ మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి ఇంత తగ్గదు.

రాధిక మేడమ్ విజయవాడ నుంచి ఫోన్. కంపెనీలో సరఫరా అంతా ఆమె చేతిలోనే. "ఏవండీ ఎస్తర్ గారూ, మార్చి ముప్పై ఒకటికల్లా ఆరు వందల టన్నులు ప్రొద్దుటూరు మిల్లుకి చేరాలండీ. గుళికలు చేసి బాయిలర్లకి పంపకపోతే ఆర్డరు పోద్ది. మీ డిపో ఎత్తేసి పులివెందుల్లో పెట్టేస్తారు, అక్కడ అరటి బోదెలు బోల్డు." ఆ అండీలు వింటుంటే చెవిలో చీమ దూరినట్టుంటుంది. డిపో ఎత్తేస్తే నన్నూ ఎత్తేస్తారని ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. మా పేట నుంచి ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేను. ఆ కుర్చీ దిగేది లేదు.

ఫిబ్రవరి 5

ఐదు వందల ఎనభై కిలోలు. ఎవడో తింటున్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి నుంచి రాగానే అమ్మతో గొడవ. సిలిండరు తెచ్చిపెట్టి ఏడాదైంది, దాని మీద టీ తప్ప ఏమీ కాచదు.

"సంగటి యాడ కెలకాల్నే దాని మీద? తెడ్డేసి తిప్పితే స్టవ్వు కూడా నాతో పాటు తిరుగుతాంది. మూడు రాళ్ళ పొయ్యి అయితే కదిలేదా, మెదిలేదా?"

"పొగకు కండ్లు పోతాయి."

"నా కండ్లు బాగనే ఉండాయిలే. నీవి చూసుకో."

ఈమె నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు. ఇంటి వెనక కట్టె గుట్ట అలాగే ఉంది. నిరుటిది. రాములమ్మ పొదుపంటే పేటలో అందరికీ తెలుసు. నాన్న పోయిన తర్వాత కూలి చేసి, ఆ పొదుపుతోనే నన్ను చదివించింది. బట్టలారేసే తీగ తెగిందట, కొత్త తాడు కట్టింది, నీలం రంగుది. గట్టి తాడు.

సంగటి, శనక్కాయల ఊరిబిండి పచ్చడి. కోపంలోనే రెండు ముద్దలు తిన్నాను.

ఫిబ్రవరి 12

లెక్క చాలా చిన్నది. చేలో కట్టలు సరిగ్గా ఉన్నాయి, కాటా దగ్గర తక్కువ. మధ్యలో ఉన్నది ఎవరు? హుమాయున్. ట్రాక్టర్లు రెండు, లారీ ఒకటి, కట్టె మోసేది ఆయనొక్కడే. ఇది తెలియడానికి నాకు ఇన్నాళ్ళు పట్టిందంటే అంతా మొహమాటం. మా నాన్న దాసయ్యతో కలిసి ముద్దనూరు స్టేషన్లో మూటలు మోసిన మనిషి. బుద్ధి తెలిసినప్పటి నుంచి మామా అని పిలిచాను.

ఈరోజు అడిగేశాను. "మామా, కట్టె తక్కువొస్తాంది."

"వస్తాంది మ్మా."

"యాడ పోతాంది?"

ట్రాక్టరు దిగలేదు. భుజం మీది టవలు తీసి మొహం తుడుచుకున్నాడు. "పోయేకాడికి పోతాందిలే. నువ్వు రాసుకునేటప్పుడే అర టన్ను తగ్గించి రాసుకోరాదా? నీకూ నెమ్మది, అందరికీ నెమ్మది."

చూడు ఆ ధైర్యం! నన్నే దొంగలెక్క రాయమంటాడు. కంచే చేను మేస్తుంటే, కంచె దగ్గరికే పోయి ఫిర్యాదు చేసినట్టయింది నా పని.

డిపోకు వచ్చి కాగితాలన్నీ మళ్ళీ తీసి చూశాను. పని మొదలుపెట్టే ముందు ఊరూరికీ నేను నింపిన సర్వే ఫారాలు. ఏడో గడి: కట్టె ప్రస్తుత వినియోగం. అన్ని ఊళ్ళకూ "ఏమీ లేదు, వృథా" అని రాశాను. మా ఊరికి కూడా. రైతులు చేలోనే తగలబెడుతున్నారు కదా. నా కాగితాల్లో తప్పేమీ లేదు.

ఫిబ్రవరి 17

దొరికిపోయాడు!

ప్రొద్దుటూరులో మిల్లు పని చూసుకుని, కావాలనే అక్కడి హుమాయున్ ఇంటి మీదుగా వచ్చాను. ఆయన లేడు. కోడలు నిఖత్ మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. తాడు నీలం రంగు. మా కంపెనీ తాడు. కట్టెలు కట్టడానికి చుట్టలు చుట్టలుగా విజయవాడ నుంచి పంపుతారు, ఈ జిల్లా అంగళ్ళలో దొరకదు. ఫోటో తీసుకున్నాను. నిఖత్ పైనుంచి చూసి నవ్వింది. "రాక్కా, చాయ్ తాగిపోదువు." తనను ఫోటో తీస్తున్నాననుకుంది పాపం, కొంగు సర్దుకుంది.

చాయ్ తాగాను. తాగకపోతే అనుమానం వస్తుంది కదా.

ఫిబ్రవరి 23, ఆదివారం

కోతపండుగ. కందులు, జొన్నలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు చర్చి బల్ల ముందు పెట్టారు. పాస్టరు పరిగె గురించి చెప్పాడు, కోసిన చేలో రాలింది లేనివాళ్ళకు వదలాలని ఏదో. నేను ఫోన్‌లో లోడ్లు చూసుకుంటున్నాను.

చర్చి వెనక పెద్ద డేగిసాల్లో వంట. మంట బాగా అంటుకుంది. నేను పోయేసరికి ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఈమధ్య అందరూ అంతే. పక్కింటి పిల్ల కుర్చీ ఎక్కితే కళ్ళల్లో నిప్పులు పోసుకునే జనం. పోసుకోనీ. అన్నం మాత్రం బాగుంది.

ఫిబ్రవరి 25

రాధిక మేడమ్‌కు ఫోటో పంపాను. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీరు పట్టేశారండీ" అంది. మొదటిసారి ఆ అండీ చెవికి ఇంపుగా ఉంది.

మార్చి 4, మంగళవారం

హుమాయున్‌ను తీసేశాను.

డిపోకు పిలిపించాను. రోజాలో ఉన్నాడు, పెదాలు పగిలి ఉన్నాయి. కుర్చీ వేయించలేదు.

"హుమాయున్ గారూ, రేపటి నుంచి మీ బండ్లు రావద్దు."

కాగితం ముందు పెట్టాను. చూడలేదు. "గారా?" అన్నాడు.

"కట్టె మీరే కాజేస్తున్నారని రుజువుంది. మీ మిద్దె మీద మా తాడు చూశాను."

"తాడా?" నవ్వాడు. "లారీలో రాలిపడిన తుంట తాడుకు దొంగనైతినా మ్మా?"

"అయితే కట్టె యాడ పోయింది? నీకు తెల్సు కదా?"

"తెల్సు."

"చెప్పు మరి."

"చెప్పను. ఇంకొకరి మీద చెప్పేది ఎప్పుడూ తప్పే. రోజా నోటితో అయితే ఇంకా తప్పు." పెన్ను తీసుకున్నాడు. "సంతకం యాడ పెట్టాల?"

పెట్టాడు. గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, "అమ్మను అడిగినానని చెప్పు" అన్నాడు. అంతే. కేకలు వేయలేదు, బతిమాలలేదు. దొంగకు ఇంత పొగరేమిటి? సంతకం పెట్టిన కాగితం రెండుసార్లు కింద పడేశాను. కోపానికి.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను, హుమాయున్‌ను మాన్పించానని. కెలికే తెడ్డు ఆగిపోయింది. "ఎందుకని?" అంది. ఆఫీసు సంగతి, నీకెందుకు అన్నాను. సంగటి అడుగంటింది. ఇన్నేళ్ళలో అమ్మ చేతి సంగటి అడుగంటడం చూడలేదు.

మార్చి 8

బండి లేదు. నాలుగు చేలల్లో కట్టె గుట్టలు ఎండకు పడి ఉన్నాయి. ప్రొద్దుటూరులో లారీ ఓనర్లు ఒక్కరూ ఫోన్ ఎత్తడం లేదు. హుమాయున్ ఏదో చెప్పుంటాడు. పగ.

మార్చి 10

పులివెందుల నుంచి వలి బాషా లారీ వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి గానీ రానన్నాడు. రానీ, దొంగ కాకపోతే చాలు.

మార్చి 12

ఆరు వందల పది తక్కువ.

నేను లారీలోనే కూర్చుని వచ్చాను. వలి బాషా ఎక్కడా ఆపలేదు. దారంతా వాళ్ళ పిల్లల చదువుల గురించి చెబుతూనే ఉన్నాడు. కాటా సరిచూడమన్నాను, రెండుసార్లు తూచారు. కాటాలో తేడా లేదు.

హుమాయున్ మనుషులు ఇంకా చేలల్లో తిరుగుతున్నారు.

మార్చి 13

తిరుగుతున్నారు. అంతే అయ్యుంటుంది.

మార్చి 18, మంగళవారం

పట్టుకున్నాను.

పన్నెండింటికి రోజూలాగే కట్టలు లెక్కపెట్టి, ఫోన్‌లో ఎక్కించి, డిపోకు పోతున్నట్టు స్కూటీ ఎక్కాను. మలుపు తిరిగి, బండి కంపచెట్ల వెనక పెట్టి, పక్క చేలో కోయకుండా మిగిలిన కందిలో దూరి కూర్చున్నాను. చీమలు పాకాయి. కదల్లేదు.

ఒంటిగంటకు కూలోళ్ళు పని దిగారు. ఇరవై ఐదు మంది ఆడవాళ్ళు. గుట్ట దగ్గరికి పోయి తలా ఒక మోపు తీసుకున్నారు. దాపరికం లేదు. అటూ ఇటూ చూసుకోవడం లేదు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నట్టు వరసగా నిలబడి, ఒకరి మోపు ఇంకొకరు నెత్తికెత్తి, నవ్వుకుంటూ గట్టెక్కి పోయారు. అన్ని కట్టలకూ నీలం తాడు.

చివరికి ఒక్క మనిషి మిగిలింది. అందరికీ తనే ఎత్తి పంపింది, తనకు ఎత్తేవాళ్ళు లేరు. బండిదారి వైపు చూస్తూ నిలబడింది, రోజూ ఆ వేళకు ఎవరో వస్తారన్నట్టు.

మా అమ్మ.

ఎలా లేచానో, ఎలా పరిగెత్తానో తెలియదు. "ఏందిమ్మా ఇది!" అని అరిచాను.

అమ్మ ఉలిక్కిపడనైనా లేదు. "వచ్చినావా? ఎత్తు."

"దొంగతనం ఇది!"

"ఏందీ? మళ్ళా అను."

ఒంటికి అంటుకున్న కంది ఆకులు దులుపుకున్నాను.

"పీకినోళ్ళకే కట్టె. మా అవ్వ కాలం నుంచి అంతే. చేను యావప్పదైనా కానీ, కట్టె మాత్రం పీకినోళ్ళదే. ఏ రైతూ కాదన్ల్యా. నీ కంపెనీ నిన్న గాక మొన్న వచ్చె. దొంగతనమని పేరు పెడతాండావా?"

"కూలి ఇస్తాండాం కదా!"

"కూలి శనివారానికి అయిపోతాది. కట్టె ఏడాదంతా మండుతాది. అంతా తీసుకుంటిమా? తలకొక మోపు. మిగిలిందంతా నీకే ఇడిస్తిమి కదే."

"నాకొక మాట చెప్పొచ్చు కదా?"

"ఏం చెప్పాల? నువ్వు పరదేశంలో పుట్టినావా, పరదేశంలో పెరిగినావా? ఈ చేలో నా ఎనక కట్టె ఏరినదానివే కదా. రోజూ రెండు ముద్దలు తింటాండావే, ఆ సంగటి దేంతో ఉడికిందనుకుంటివి?"

అమ్మ మోపు వంక చూసింది, బండిదారి వంక చూసింది.

"హుమాయునన్న ఉంటే ఈపాటికి ట్రాక్టరు తెచ్చుండు. దిగి, మోపెత్తి, ఆ మాటా ఈ మాటా చెప్పి పంపిచ్చుండు. ఆయప్పను ఎందుకు మాన్పిచ్చినావో ఏమో."

ఆయన్ను దొంగని తీసేశానని ఆమెకు ఇంకా తెలియదు. నేను చెప్పలేదు. మోపు ఎత్తకుండానే వచ్చేశాను. డిపోలో కూర్చుని లెక్క వేశాను. ఇరవై ఐదు మంది. మోపు ఇరవై నాలుగు కిలోలు. ఆరు వందలు.

మార్చి 19

ముద్దనూరు హోటల్లో రెండు దోసెలు.

మార్చి 21

రాధిక మేడమ్ గట్టిగా అడిగింది. "కొత్త లారీ పెట్టినా తగ్గుతోందేంటండీ? రవాణాలో దొంగతనం అనుకుంటే ఆ హుమాయున్‌ని అన్ని డిపోల్లో రానివ్వకుండా చేసి ఫైలు మూసేస్తాం. కాదు, కూలీలే అంటారా, పేర్లు పంపండి, పోలీసు కేసు పెడదాం. రేపటికల్లా రిపోర్టు కావాలి."

ఇరవై ఐదు పేర్లు. మొదటి పేరు రాములమ్మ.

"రవాణా. పాత మనిషి హయాంలోనే జరిగింది. ఇప్పటి తేడా తేమ వల్ల" అని రాశాను. నన్నేం చేయమంటారు? కన్నతల్లిని స్టేషన్‌లో కూర్చోబెట్టమంటారా? హుమాయున్‌కు ప్రొద్దుటూరులో బేరాలు బోలెడు. అయినా రోజూ అమ్మకు మోపు ఎత్తింది ఆయనే కదా. కంపెనీ కట్టె పోతుంటే చూసి, చేతులతో ఎత్తి పంపించాడు. అదీ దొంగతనమే. నేను రాసింది పూర్తిగా అబద్ధం కాదు.

మార్చి 22

అబద్ధం కాదు.

మార్చి 31, సోమవారం

రంజాన్. ఆఖరి లెక్క ఐదు వందల ఇరవై టన్నులు. డిపో మూత. అయితే నన్ను తీసేయలేదు. "దొంగని పట్టుకున్నారు కదండీ, మీలాంటివాళ్ళు కావాలి" అని పులివెందుల డిపో నాకే ఇచ్చారు. ఏడో తారీకు నుంచి చేరాలి. గెలిచాను.

ఏటా రంజాన్‌కు హుమాయున్ ఇంటి నుంచి సేమ్యా డబ్బా వస్తుంది. నాన్న ఉన్నప్పటి నుంచీ. అమ్మ కడిగిన గిన్నె పక్కన పెట్టుకుని పొద్దుగూకే దాకా వాకిట్లో కూర్చుంది. రాలేదు.

ఏప్రిల్ 3

వలి బాషా నోరు మంచిది కాదు. చేలో మిగిలిన తాడు చుట్టలు తీసుకుపోవడానికి వచ్చి, అమ్మతో అంతా చెప్పేశాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే అడిగింది. "హుమాయునన్న బండ్లు పులివెందుల్లో కూడా వద్దన్నారంట. దొంగని రాసినారంట. రాసిందెవరు?"

నేను చెప్పులు విప్పుతూ ఉన్నాను.

"నిన్నే అడిగేది. రాసిందెవరే?"

"నీ పేరు రాయమంటావా? పోలీసులు వచ్చేవాళ్ళు!"

"రానీ! నా పేరే రాయాల్సింది. స్టేషన్లో కూర్చోని చెప్పుందును, పీకినోళ్ళకే కట్టె అని. ఎస్సై ఇంటోళ్ళు కూడా యాడో ఒకచోట పీకినోళ్ళే. నాకోసమని మాత్రం అనొద్దు. నువ్వు భయపడింది నాకోసం కాదు, నీ కుర్చీ కోసం. ఆయప్పకు మా అందరి సంగతీ తెల్సు. ఒక్క మాట చెప్పుంటే బతికిపోయుండు. చెప్పల్యా. నిన్ను ఎత్తుకోని తిప్పినోడే, ఆయప్ప నోటికాడ కూడు తీస్తివి."

సంగటి కెలికింది. ముద్ద చేసుకుని, వాకిట్లో కూర్చుని తినింది. నాకు పెట్టలేదు. గిన్నెలో ఉంది, నేనే పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

పులివెందుల. మొదటి రోజు. కొత్త ఫారాలు, పాత గళ్ళు. అరటి తోట గట్టు మీద కూర్చుని నింపాను. గెల కోసిన తర్వాత బోదెలు నరికి తోటలోనే పడేస్తారు, నార తీసే యూనిట్‌కు రెండు రోజుల్లో చేర్చాలి, లేకపోతే కుళ్ళిపోతాయి. అంతా బాగానే ఉంది. ఏడో గడి: ప్రస్తుత వినియోగం. "ఏ" అని రాశాను.

అంతలో ఒకావిడ తోటలోంచి వచ్చింది, తల మీద గంప, గంప నిండా తరిగిన బోదె ముక్కలు. పేరు అడిగితే ఆసియా అంది. ఎక్కడికి అని అడిగాను.

"బర్రెలకు మ్మా. నరికినోళ్ళకు గంపెడు ముక్కలు ఇడుస్తారు ఈడ. ఏం, మీ దిక్కు ఇడవరా?"

ఆమె పోయిన తర్వాత ఆ ఒక్క అక్షరం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఛీ. నా బతుకంతా ఈ ఒక్క గడిలో ఇరుక్కుంది. మా ఊరి ఫారంలో కూడా ఇలాగే గట్టు మీద కూర్చుని అదే రాశాను. అప్పుడు నా కడుపులో పొద్దున తిన్న సంగటి ఉంది.

కొట్టేశాను. "నరికినవాళ్ళకు గంపెడు, బర్రెల మేత" అని రాశాను. తర్వాత ఫోన్ తీసి రాధిక మేడమ్‌కు మొత్తం రాశాను. మా ఊరి ఏడో గడిలో తప్పు రాసింది నేనని. మోపుకట్టె పీకినవాళ్ళ హక్కని, దాన్ని ముందే తీసి లెక్క కడితే ఒక్క కిలో కూడా తేడా రాదని. హుమాయున్ దొంగ కాదని, మార్చి ఇరవై ఒకటిన నేను తెలిసే అబద్ధం రాశానని. చదవకుండా పంపించాను. చదివితే పంపను.

గంటలో జవాబు. కంపెనీ ఫోనూ తేమ మీటరూ సాయంత్రంలోగా అప్పగించాలి. హుమాయున్ విషయం పైవాళ్ళు చూస్తారు. ఒక్క అండీ లేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఇది బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

పొద్దున అమ్మకు చెప్పాను, ఉద్యోగం పోయిందని, ఎందుకు పోయిందో కూడా. ఊఁ అంది. కట్టె పీకే కొక్కెం తీసుకుని చేనుకు పోయింది. ఆఖరి చేను, కంపెనీ వదిలేసిన ముక్క, ఒక్కతే పీకుతోంది. నేనూ వెనకే పోయాను. పీకాను. పదింటికల్లా అరచేతులు బొబ్బలెక్కాయి. అమ్మ చూసింది, పక్క సాలుకు పోయింది.

పదకొండింటికి మోపు కట్టింది. మామూలు కంటే పెద్దది. చుట్టబట్ట తల మీద పెట్టుకుని నిలబడింది. చుట్టూ మనిషి లేడు. నేను వంగి మోపు పట్టుకున్నాను.

"తియ్యి చెయ్యి."

"అమ్మా..."

"హుమాయునన్నకు చెప్పినావా?"

"మేడమ్‌కు రాసినా మ్మా, ఆయప్ప దొంగ కాదని."

"మేడమ్‌కు రాసినావు. ఆయప్పకు చెప్పినావా, మొగం చూసి?"

"లేదు."

"చెప్పినంక రా. అప్పుడు ఎత్తుదువు."

చుట్టబట్ట తీసేసి మోపు పక్కన కూర్చుంది. ఎండలోనే. ఇంటికి పోమ్మా, నేను పోయొస్తా అన్నాను. నా వైపు చూడలేదు.

ఎర్రగుంట్ల దాటింది. ప్రొద్దుటూరు ఇంకెంతో దూరం లేదు. ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. మామా అని పిలవవచ్చో లేదో కూడా తెలియడం లేదు. పన్నెండున్నర అయింది. ఆ దారిన ఈ వేళకు ఎవరూ రారు. అమ్మ ఇంకా ఆ మోపు పక్కనే కూర్చుని ఉంటుంది.